చిన్న కట్టలకూ లెక్క ఉండాలి

జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ అధ్యక్షులకు,

అయ్యా,

2021 డ్యామ్ భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన ఆనకట్టలకు వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్యవాటికి పొడవు, నిల్వ వంటి కొలతలు కుదిరితేనే. విహారం కోసం ప్రైవేటు స్థలాల్లో వేసుకున్న చిన్న మట్టికట్టలు ఆ జల్లెడలోంచి జారిపోతాయి. కానీ ప్రమాదానికి కొలత ఎత్తొక్కటే కాదు. అమెరికాలో జార్జియా రాష్ట్రపు కెల్లీ బార్న్స్ మట్టికట్ట ఎత్తు సుమారు 12 మీటర్లే. దాని నీటితో నడిచిన విద్యుత్కేంద్రం మూతపడ్డాక, 1957 నుంచి ఆ చెరువు విహారానికే మిగిలింది. 1977 నవంబరు 6న భారీ వానల తర్వాత గండిపడి, దిగువన ఉన్న కళాశాల ఆవరణలో 39 మంది చనిపోయారు. నిటారు వాలు జారడం, లోపలి ఊట మట్టిని కోయడం కారణాలై ఉండొచ్చని దర్యాప్తు చెప్పింది. పొడవు, నిల్వల ప్రకారం ఆ కట్ట మన చట్టానికీ అందేది కాదు.

ఇన్ని కట్టలు చూడటానికి సిబ్బంది ఏరంటారు. యజమానులపై భారమనీ అంటారు. అన్నీ చూడనక్కర్లేదు, దిగువన ఇళ్లున్నవి చాలు. ఏటా వానాకాలానికి ముందు యజమాని ఖర్చుతోనే ఇంజినీరు వచ్చి అలుగుకు అడ్డంగా చేపల జాలీ ఉందా, వాలు మీద చెట్లు మొలిచాయా, కట్ట అడుగున బురదనీరు ఊరుతోందా చూస్తే సరిపోతుంది. సరదా తనదైనప్పుడు జాగ్రత్త ఖర్చూ తనదే కావాలి. ఈ మేరకు చట్ట సవరణకు కేంద్రానికి సిఫారసు చేయండి.

ఇట్లు,
ఒక పౌరుడు