చక్రాల మీద ఇల్లు... ఆగితేనే బడి!

'మీ ఇల్లెక్కడ?' అని అడిగితే పిల్లలెవరైనా ఊరి పేరో, వీధి పేరో చెబుతారు. అమెరికాలో కొందరు పిల్లలు మాత్రం 'అదిగో' అంటూ చెట్టు కింద ఆగి ఉన్న బండిని చూపిస్తారు. 'మరి మీ బడి?' అంటే కాసేపు ఆలోచించి 'ఈ వారం ఇక్కడే' అంటారు!

ఆర్వీ అంటే రిక్రియేషనల్ వెహికిల్. సెలవుల్లో నాలుగు రోజులు సరదాగా తిరిగి రావడానికి తయారైన బండి. కొన్ని బస్సులా ఉంటాయి, కొన్నింటిని ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లాలి. ఊళ్లో ఉన్న ఇల్లు అమ్మేసో, అద్దె ఇల్లు ఖాళీ చేసేసో దాంట్లోనే కాపురం పెట్టి, పిల్లలకు తామే చదువు చెప్పుకుంటూ దేశమంతా చుట్టే కుటుంబాలు అక్కడ ఉన్నాయి. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడి, ఆఫీసు పని ఇంట్లోకే వచ్చేశాక ఈ దారి ఇంకొందరికి కనిపించింది.

అలాంటి ఓ కుటుంబాన్ని ఊహించుకుందాం. అమ్మ, నాన్న, పదేళ్ల అబ్బాయి, ఏడేళ్ల అమ్మాయి. నాన్నది కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం. బండిలో ఉన్నది ఒకటే బల్ల. పొద్దున టిఫిన్ తినేది దాని మీదే. తర్వాత అదే తరగతి గది. రాత్రి దాన్ని కిందకు దించి పరుపు వేస్తే పడక. హోంవర్క్ మర్చిపోయానని చెప్పడానికి వీల్లేదు... పుస్తకం ఎక్కడున్నా నాలుగడుగుల్లో దొరికిపోతుంది!

ఈ ఇంట్లో మొదటి లెక్కల మాస్టారు నీళ్ల ట్యాంకు. మంచినీళ్లకు ఓ ట్యాంకు, స్నానం చేసిన, గిన్నెలు కడిగిన నీళ్లకు ఇంకొకటి, మరుగుదొడ్డికి వేరొకటి. మంచినీళ్లు రెండొందల లీటర్లున్నాయనుకుంటే, నలుగురూ రోజుకు యాభై చొప్పున వాడితే ఒక్కరోజులో ఖాళీ. పది లీటర్లతో సరిపెట్టుకుంటే అయిదు రోజులు. భాగహారం తప్పితే తలకు షాంపూ పట్టించుకున్నాక నీళ్లు ఆగిపోతాయి. మురుగు ట్యాంకు నిండితే డంప్ స్టేషన్‌కు వెళ్లి గొట్టం తగిలించి ఖాళీ చేసుకోవాలి. ఫొటోల్లో కనిపించని పని ఇది.

మరి చట్టం ఒప్పుకుంటుందా? ఒప్పుకుంటుంది. 1993 నాటికే అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఇంట్లో చదువు చట్టబద్ధమైంది. 2016 నాటి ప్రభుత్వ అంచనా ప్రకారం సుమారు 17 లక్షల మంది పిల్లలు, అంటే వందకు ముగ్గురు, ఇలా చదువుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మామూలు ఇళ్లలోనే ఉంటారనుకోండి. నిబంధనలు మాత్రం రాష్ట్రానికో రకం. పెన్సిల్వేనియాలో ఏటా ప్రమాణపత్రం ఇవ్వాలి, పిల్లలు చేసిన పనినంతా ఫైలు కట్టి అర్హులైన వారికి చూపించాలి. టెక్సాస్‌లో ఇంటి బడిని ప్రైవేటు బడితో సమానంగా చూస్తారు. 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ మాటే ఖాయం చేసింది. తిరిగే ఇంటికి చిరునామా ఏదంటారా? టెక్సాస్, ఫ్లోరిడా, సౌత్ డకోటా లాంటి చోట్ల ఉత్తరాలు అందుకుని పంపించే సంస్థలున్నాయి. చాలామంది అక్కడే చిరునామా పెట్టుకుంటారు. వేరే రాష్ట్రంలో నెలల తరబడి ఉండిపోతే అక్కడి నిబంధనలూ చూసుకోవాలి.

ఇక అసలు సంగతి... ఊళ్లు చూడటం. తిరుగుడు మొదలుపెట్టిన కొత్తలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. బండి చేతికొచ్చిందిగా, ఇక అన్నీ చూసేయాలన్న తొందర. నిన్న ఓ లోయ, ఈరోజు ఓ జలపాతం, ఎల్లుండికి ఇంకో పార్కు. అమెరికా జాతీయ పార్కుల్లో పిల్లల కోసం జూనియర్ రేంజర్ అనే కార్యక్రమం ఉంది. చిన్న పుస్తకం ఇస్తారు. పార్కంతా తిరిగి చూసి అందులోని ప్రశ్నలకు జవాబులు రాయాలి. రేంజర్ దాన్ని దిద్ది, పిల్లలతో కుడిచేయి ఎత్తించి ప్రమాణం చేయించి, బ్యాడ్జీ ఇస్తారు. ఏడేళ్ల అమ్మాయికి అంతకన్నా ఏం కావాలి! వారంలో మూడు బ్యాడ్జీలు వస్తాయి. ఏది ఏ ఊళ్లో వచ్చిందో అడిగితే మాత్రం అమ్మ మొహం చూస్తుంది. అటు అబ్బాయి బండి దిగనని మొండికేస్తాడు. 'ఇంకో కొండేగా' అంటాడు.

అప్పుడు తెలుస్తుంది పెద్దవాళ్లకు... చూపించడం వేరు, చెప్పడం వేరని. చూసిన చోటల్లా చదువు కాదు. ఆగిన చోటే చదువు.

1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్ పార్కునే తీసుకోండి. అక్కడ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ ఉంది. భూమి లోపలి వేడికి మరిగిన నీళ్లు ఉండుండి 30 మీటర్లకు పైగా ఎగసిపడతాయి. జనం వస్తారు, చూస్తారు, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. వెళ్లకుండా గడియారం పట్టుకుని అక్కడే కూర్చున్న పిల్లవాడికి ఇంకో విషయం దొరుకుతుంది. నీళ్లు రెండున్నర నిమిషాల లోపే ఆగిపోతే మళ్లీ సుమారు గంటకే లేస్తాయి. అంతకన్నా ఎక్కువసేపు ఎగిస్తే గంటన్నర దాకా ఆగాలి. రేంజర్లు తర్వాతి సమయాన్ని పది నిమిషాలు అటూ ఇటుగా చెప్పగలిగేది ఈ లెక్కతోనే. రెండు రోజులు కాగితం మీద రాసుకుంటే పదేళ్ల వాడు కూడా చెప్పగలడు. 'ఇంకో కొండేగా' అన్నవాడే 'ఇంకొక్కసారి చూసి వెళ్దాం నాన్నా' అంటాడు.

గ్రాండ్ కాన్యన్‌లోనూ అంతే. అంచున నిలబడి 'అబ్బో' అనడానికి అయిదు నిమిషాలు చాలు. కానీ అక్కడ 2010లో తెరిచిన 'ట్రెయిల్ ఆఫ్ టైమ్' అనే నడక దారి ఉంది. దాని మీద ఒక్కో మీటరు పది లక్షల ఏళ్లకు లెక్క. మీటరుకో గుర్తు. ఏ రాయి పుట్టిన కాలం దగ్గర ఆ రాయిని పెట్టారు. లోయ అడుగున కనిపించే నల్లటి విష్ణు షిస్ట్ రాయిని చేరాలంటే దాదాపు కిలోమీటరున్నర దాటి నడవాలి. అవును, మన విష్ణువే! 19వ శతాబ్దంలో భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్ అక్కడి ఓ శిఖరానికి విష్ణు టెంపుల్ అని పేరు పెట్టారు. రాతికీ ఆ పేరే వచ్చింది. ఆ కొలతలో మిల్లీమీటరంటే వెయ్యేళ్లు. నన్నయగారు తెలుగులో భారతం మొదలుపెట్టి సుమారు అంత కాలమే అయింది. మన తెలుగు కావ్యాలన్నీ అక్కడ ఒక్క మిల్లీమీటరులో ఇమిడిపోతాయి! పుస్తకంలో 175 కోట్ల ఏళ్లు అని చదివితే అదొక అంకె. కాళ్లు నొప్పి పుట్టేదాకా నడిస్తే అదొక జ్ఞాపకం.

అలాగని ఈ బతుకంతా పండగేం కాదు. బడిలో అయిదారుగురు టీచర్లు పంచుకునే పనిని ఇంట్లో ఒకరో ఇద్దరో మోయాలి. అమ్మకు జ్వరం వస్తే బడికీ జ్వరమే. వాన పట్టిందంటే నలుగురూ ఒకే గదిలో. అన్నిటికన్నా పెద్ద లోటు స్నేహితులు. ఎడారి రాష్ట్రాల్లో చాలాచోట్ల ప్రభుత్వ భూముల్లో ఉచితంగా దిగొచ్చు. అయితే సాధారణంగా 14 రోజులే. తర్వాత కదలాల్సిందే. పక్క బండిలోని పాపతో మొదటిరోజు మొహమాటం, మూడోరోజుకు ప్రాణస్నేహం, పద్నాలుగో రోజున వెనక అద్దంలోంచి టాటా. పెద్దవాళ్లు 'దారిలో ఇంకెవరైనా కలుస్తారులే' అంటారు. ఏడేళ్ల పిల్లకు ఇంకెవరో అక్కర్లేదు. ఆ పాపే కావాలి.

ఈ సంగతి గ్రహించిన కుటుంబాలు దారి వేసుకునే పద్ధతే మార్చుకుంటాయి. ఇలా తిరిగేవాళ్లంతా ఫలానా నెలలో ఫలానా చోట కలుద్దామని ముందే అనుకుంటారు. చలికాలమంతా ఒకే ఊళ్లో దిగి పిల్లల్ని లైబ్రరీకో, ఈత క్లాసుకో, సంగీతానికో పంపుతారు. అలా కుదరనివాళ్లు, పిల్లలు మరీ దిగులుపడితే బండి అమ్మేసి మళ్లీ ఇల్లు చూసుకుంటారు. అదేం ఓటమి కాదు. ఎప్పుడు ఆగాలో తెలియడమే తిరిగేవాడికి రావలసిన అసలు చదువు.

మన నలుగురూ ఇప్పుడు అమెరికా పటం బల్ల మీద పరిచారు. ఉత్తరాన ఇంకా చూడని పార్కులు మూడున్నాయి. నాన్న వేలు అటు వెళ్తోంది. అమ్మాయి మాత్రం పటంలో ఏ బొమ్మా లేని ఓ చిన్న ఊరి మీద వేలు పెట్టింది.

'అక్కడ చూడ్డానికి ఏముందే?'

'ఆ పాప ఉంది.'

నాన్న పెన్సిల్ తీసుకుని దారి మార్చి గీశాడు.