గోలకొండ మంత్రులు

రామదాసుగారి కీర్తన పాడని తెలుఁగిల్లాలు లేదు. ఆయనకు మేనమామలని చెప్పఁబడు అక్కన్న మాదన్నల యంత్యము మాత్రము మనలోఁ బెక్కు రెఱుఁగరు.

మాదన్న బ్రాహ్మణుఁడు, గోలకొండ సుల్తాను తానీషా షియా మహమ్మదీయుఁడు. మంత్రిపదవి నిచ్చుటకు సుల్తానునకు మతము అడ్డు రాలేదు. సున్నీయగు ఔరంగజేబునకు అదియే మహాపరాధమయ్యెను. మరాఠులకు ధనమిచ్చుట రెండవది. గోలకొండ వజ్రములపైఁ బాదుషాకుఁ జూపు లేదనిన మేము నమ్మఁజాలము. 1686లో గోలకొండ ప్రభువర్గీయులే కొందఱు ఆ సోదరులను వీథిలోఁ జంపించి, మాదన్న శిరస్సును ఔరంగజేబు కడకుఁ బంపిరి. ఈ కుట్రలో అంతఃపురస్త్రీలకును పాలు గలదని చరిత్రకారులు వ్రాసిరి. తలనిచ్చి కోట దక్కించుకొందమని వారి తలంపు కాఁబోలు! 1687లో కోటయుఁ బోయెను. తానీషా దౌలతాబాదు చెఱలో మరణించెను.

మాదన్న చావునకు ముందటియేఁట, 1685లో, ఫ్రాన్సురాజు పదునాలుగవ లూయీ, తన తాత 1598లో ప్రొటెస్టంటుల కిచ్చిన యభయశాసనమును రద్దుచేసెను. రమారమి రెండులక్షలమంది ఇల్లువాకిళ్లు విడిచి ఇంగ్లండు, హాలండు మొదలగు దేశములకుఁ బాఱిపోయిరి. అందు నేర్పరులగు నేఁతగాండ్రెందఱో! ఫ్రాన్సుపట్టు పరదేశపు మగ్గములకెక్కెను.

మా విశాఖపట్టణమును మొగలుల చేతినుండి తప్పించుకొనలేదు. 1689లో వారు ఇచ్చటి ఆంగ్లేయుల వర్తకశాలను బట్టుకొని, అందలివారిని సంహరించిరి. ఆ కలహము మతమును గూర్చినది కాదు, వర్తకమును గూర్చినది.