వెలవెలబోతున్న కళాశాల మైదానాలు

అంతర్ కళాశాలల బాస్కెట్‌బాల్ పోటీలంటే ఒకప్పుడు కోర్టు చుట్టూ నిలబడేందుకు చోటుండేది కాదు. నేడు చప్పట్లు కొట్టేది రిజర్వు ఆటగాళ్లే. ఇందుకు కారణాలు అనేకం. 2008లో ఐపీఎల్, 2014లో ప్రొ కబడ్డీ లీగ్ రాకతో ఆట ఇంట్లోని తెరపైకి చేరింది. 2016 తర్వాత చౌక డేటాతో అరచేతిలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో 2015-16 నుంచి సెమిస్టర్ విధానం అమలవడంతో ఏటా రెండు విడతల పరీక్షలు తప్పనిసరయ్యాయి. అద్దె భవనాల్లో నడిచే ప్రైవేటు కళాశాలల్లో చాలావాటికి మైదానమే లేదు. పోటీలు సైతం తరగతుల వేళ, మరో ఊరిలో జరుగుతుండటంతో తోటి విద్యార్థులు వెళ్లలేకపోతున్నారు. చూసేవారు లేనిచోట క్రమంగా ఆడేవారూ కరవవుతారు. కనీసం ఫైనల్‌నైనా తరగతులు ముగిశాక నిర్వహిస్తే ఆతిథ్య కళాశాల విద్యార్థులైనా కోర్టు వద్దకు వస్తారు. దీనికి ప్రత్యేక నిధులు అక్కర్లేదు, ముందస్తు ప్రణాళిక చాలు.