తరగతి – జమాఅత్

నిత్యం వాడే మాటల అర్థాన్ని మనం అరుదుగా విచారిస్తాం. ‘తరగతి గది’ అన్న మాటనే తీసుకుందాం. తెలుగులో తరగతి అంటే శ్రేణి, అంతస్తు. రైలు పెట్టెకూ అదే మాట, పరీక్షా ఫలితానికీ అదే మాట. ఉర్దూలో ఐదవ తరగతిని ‘పాంచ్‌వీ జమాఅత్’ అంటారు. జమాఅత్ అంటే సమూహం. మసీదులో భుజం భుజం కలిపి నిలిచి చేసే సామూహిక నమాజుకూ అదే పేరు. మొదటి మాటలో మెట్లు కనిపిస్తాయి; రెండవ మాటలో మనుషులు కనిపిస్తారు.

ఇక తెనాలి బజారులోనైనా, బాపట్ల బస్టాండులోనైనా, రేపల్లె రైలులోనైనా వినిపించే మూడవ మాట ‘క్లాసు’. “మా నాన్న క్లాసు పీకాడు” అంటే చీవాట్లు పెట్టాడని అర్థం. అందరూ నవ్వుకునే నుడికారమే. కాని అధ్యాపకుడినైన నాకు అందులో ఒక అభియోగం వినిపిస్తుంది. బోధన అంటే మందలింపేనన్న భావం ప్రజలకు ఎక్కడ కలిగింది? మా గదుల్లోనే గదా!

రైళ్లలో మూడవ తరగతి 1974లో రద్దయింది. మా గదుల్లో వెనుక బల్ల మాత్రం మిగిలే ఉంది. రేపల్లె రైలు దిగి ఆలస్యంగా వచ్చిన విద్యార్థికి ముందు చీవాట్లు, తరువాత ఆ బల్ల. ఈ తప్పు నేనూ చేశాను.

మాటను మార్చనక్కరలేదు. ‘తరగతి’లో ‘జమాఅత్’ భావాన్ని నింపితే చాలు. వెనుక బల్ల విద్యార్థి నిర్భయంగా ప్రశ్న అడిగిన నాడే అది తరగతి గది అనిపించుకుంటుంది.