చావింట్లో అడగకూడని ప్రశ్న

మా పల్లెలో ఎవరైనా చనిపోతే పొద్దుగూకేలోపు ఫ్లెక్సీ లేస్తుంది. ఫొటో పైన ‘ప్రభువునందు నిద్రించారు’ అని ఉంటుంది, కింద ఆదరణ కూడిక తేదీ. మా బాబాయి ఫ్లెక్సీ మీద ఆ పై మాట లేదు. ప్రింటింగ్ షాపువాళ్లు మరిచిపోలేదు. వేయొద్దని సంఘ పెద్దలు చెప్పారు.

సొంత బాబాయి కాదు, వరసకి. పొలం కౌలుకు తీసుకుని మిర్చి వేసేవాడు. రెండేళ్లు వరసగా పంట పోయింది. కౌలు కార్డు లేదు కనుక బ్యాంకులో అప్పు పుట్టలేదు. వచ్చిన కాస్త పరిహారమూ భూమి ఎవరి పేరున ఉందో వాళ్ల ఖాతాలోనే పడింది. వడ్డీకి ఇచ్చినవాళ్లు వాకిట్లో నిలబడి చిన్నమ్మ ముందు అనరాని మాటలన్నారు. మర్నాడు బాబాయి ప్రాణం తీసుకున్నాడు. పాస్టర్ గారు వచ్చారు గానీ గడప దాటలేదు. ఇది దేవుడిచ్చిన ప్రాణం మీద చేసిన పాపమని, భూస్థాపన ప్రార్థన తాను చేయలేనని చెప్పి వెనుదిరిగారు. అప్పుడు నాకు 17 ఏళ్లు. యూత్‌లో పాటలు పాడేవాణ్ని. పాటల పుస్తకాల సంచి నా భుజానే ఉంది. ఆయన వెనకాలే నేనూ వచ్చేశాను. ఇన్నేళ్లుగా నన్ను సలుపుతున్నది ఆ వెనకాలే రావడం.

తర్వాత యూనివర్సిటీకి వచ్చాను. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయినప్పుడు ఆ చావును సంస్థాగత హత్య అన్నాం. పిరికితనం అన్నవాళ్లతో రాత్రుళ్లు కూర్చుని వాదించాం. నెట్టినవాళ్లను వదిలేసి పోయినవాణ్ని విచారించడం ఏం న్యాయమని అడిగాం. ఆ నినాదాల మధ్యలోనే నాకు బాబాయి గుర్తొచ్చాడు. చదువుకున్నవాడి చావుకు ఒక పేరు, కౌలుదారుడి చావుకు ఇంకో పేరా? క్యాంపస్‌లో హత్య అన్నదాన్ని పల్లెలో పాపం అంటుంటే నేనెందుకు నోరు మూసుకున్నాను?

పాపమనేవాళ్లు బైబిల్ చూపిస్తారు కాబట్టి బైబిలే తెరుద్దాం. యుద్ధంలో సౌలు రాజు తన చేతులతోనే చనిపోయాడు. యాబేష్గిలాదు వాళ్లు రాత్రంతా నడిచి వెళ్లి, శత్రువులు గోడకు తగిలించిన ఆ శవాన్ని దించి తెచ్చి, ఎముకలు పాతిపెట్టి, ఏడు రోజులు ఉపవాసం ఉన్నారు. అహీతోపెలు ప్రాణం తీసుకుంటే అతణ్ని తండ్రి సమాధిలోనే పాతిపెట్టారని రాసి ఉంది. ఆ చోట ఒక్క తీర్పు మాట కూడా లేదు. ఏలీయా అయితే ఇక చాలు, నన్ను చంపేయమని దేవుణ్నే అడిగాడు. అరణ్యంలో చెట్టు కింద పడుకున్న అతని దగ్గరికి దూత వచ్చి, నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి, రెండోసారి లేపి తినమన్నాడు. ప్రయాణం నీ శక్తికి మించినదన్నాడు. బైబిల్లో ఇంతకన్నా మంచి కౌన్సెలింగ్ నాకు కనపడలేదు. యోబు స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు నేల మీద అతని పక్కన ఊరికే కూర్చున్నారు. అప్పటిదాకా బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే చెడిపోయారు.

యోహాను సువార్తలో పుట్టు గుడ్డివాణ్ని చూసి శిష్యులు అడుగుతారు, వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా అని. ఇద్దరూ కాదంటాడు యేసు. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయారు, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులనుకుంటున్నారా, కాదని లూకాలో చెబుతాడు. శిష్యుల ప్రశ్న మనకు కొత్తది కాదు. మన తాతముత్తాతలు ఊరి బయట ఎందుకున్నారంటే పూర్వజన్మలో చేసుకున్నదని చెప్పిన ప్రశ్నే అది. అంబేడ్కర్ ‘ద కండిషన్ ఆఫ్ ద కన్వర్ట్’ అనే వ్యాసంలో సరిగ్గా ఇక్కడే వేలు పెట్టారు. మతం మారకముందు అంటరానివాడికి నీ బాధ నీ కర్మ అని చెప్పారు, మారాక నీ పూర్వీకుడి పాపం అని చెబుతున్నారు, రెండింటిలోనూ అతణ్ని బాధపెడుతున్న సమాజం తప్పించుకుంటోందన్నది ఆయన విమర్శ. చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, మా అమ్మ విశ్వాసాన్ని అన్నట్టుగా. బాబాయి గడప గుర్తొచ్చాక ఆ కోపం నిలవలేదు. కర్మను మనం వెనక గుమ్మంలోంచి చర్చిలోకి తెచ్చుకున్నాం.

ప్రాణం తీసుకున్నవాళ్లకు భూస్థాపన లేదన్నది సువార్తల్లో ఎక్కడా లేదు. అగస్టీన్ వాదనలు, ఆ తర్వాతి సంఘ సభల నిర్ణయాలు కలిసి తెచ్చిన కట్టుబాటు అది. కేథలిక్ చర్చి 1917 నాటి ధర్మశాస్త్రంలో ఆ నిషేధాన్ని రాసుకుంది. 1983లో వచ్చిన కొత్త శాస్త్రంలో అది లేదు. అలా పోయినవాళ్ల రక్షణ గురించి ఆశ వదులుకోవద్దని, వాళ్ల కోసం ప్రార్థించాలని 1992 నాటి సత్యోపదేశం చెబుతోంది. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రాణం తీసుకోబోయినవాళ్లను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగా చూడాలంది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. రోమ్ మారింది, పోలీస్ స్టేషన్‌లో రాసే సెక్షన్ మారింది. మా పల్లె చర్చి మైకు మాత్రం మారలేదు.

ప్రార్థన చేస్తే ఇంకొకరికి ధైర్యం ఇచ్చినట్టవుతుందని కొందరు పాస్టర్లు అంటారు. వాళ్ల భయం అబద్ధం కాదు. కానీ భూస్థాపన లేకపోవడం బాబాయిని ఆపలేదే. అప్పులవాళ్లు వాకిట్లోకి వచ్చిన రోజు సంఘంలో నలుగురు అరుగు మీద కూర్చుని ఉంటే ఆగేవాడేమో. మా జిల్లాల మాదిగ పల్లెల్లోకి ఈ మతం వచ్చిన దారిలో అలాంటిదొకటి జరిగింది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చాడు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందు కూలి, ఆ తర్వాతే నీళ్లు.

వేదాంత కళాశాలల్లో చదువుతున్న మిత్రులకు ఒక మాట. యోబు మీద థీసిస్ రాయండి, మంచిదే. దాంతో పాటు ఇలాంటి చావులకు ఒక భూస్థాపన క్రమం తెలుగులో రాయండి. కౌలు కార్డు ఎలా తీసుకోవాలో మీ సంఘంలో పదిమందికి చెప్పండి. ఎవరైనా ఆరాధనకు రావడం మానేస్తే ఎందుకు రావడం లేదని మైకులో కాదు, ఇంటికి వెళ్లి అడగండి.

ఇలా చెబుతున్న నేను ఇంకో తీర్పు కూడా చెప్పాను. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ఇంటికి వెళ్లినప్పుడు చిన్నమ్మ తెల్లచీర కట్టుకుని చర్చికి బయల్దేరుతోంది. నాకు ఒళ్లు మండింది.

“నీ మొగుణ్ని పాపి అన్న చోటికి ఇంకా ఎందుకు పోతావు చిన్నమ్మా? సిగ్గుగా లేదూ?” అన్నాను.

ఆ మాటన్నప్పుడు నేనూ ఆమె గడప బయటే నిలబడి ఉన్నానని అప్పుడు తోచలేదు. పాస్టర్ గారి చేతిలో బైబిల్, నా చేతిలో అంబేడ్కర్. అంతే తేడా.

చిన్నమ్మ కోప్పడలేదు. కొంగు సర్దుకుని, “అయ్యగారు పోతే పోయాడు గానీ, ఆరోజు మీ నాయనమ్మ ప్రార్థన చేసింది కదరా. ఆడోళ్లం అందరం కలిసి పాట పాడి మన్నేశాం. నువ్వప్పుడు లేవు” అంది.

ఏ పాట అని అడిగాను. చెప్పింది. పుస్తకాలు నా సంచిలోనే ఉండిపోయాయి ఆ రోజు. చిన్నమ్మకు ఎటూ చదువు రాదు.