మంగు వేరు, ఛాయ వేరు

నేను డాక్టర్ని కాదు, కోడు రాసుకుని బతికేవాణ్ణి. కానీ మందుల షాపుకెళ్ళి "మొహం మీద నల్లమచ్చలకి ఏదైనా ఇవ్వండి" అనగానే చేతిలో పెట్టే ఆ చిన్న ట్యూబు గురించి మాట్లాడ్డానికి డాక్టరే అవ్వక్కర్లేదు. ట్యూబు వెనక ఉన్న చిన్నచిన్న అక్షరాలు చదివే ఓపిక ఉంటే చాలు.

చాలా ట్యూబుల వెనక మూడు పేర్లు కనబడతాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. మొదటిది చర్మంలో మెలనిన్ తయారీని తగ్గిస్తుంది. రెండోది పై పొర త్వరగా రాలి కొత్తది వచ్చేలా చేస్తుంది. మూడోది స్టెరాయిడ్. 1975లో అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అనే ఇద్దరు డాక్టర్లు ఇలాంటి మూడింటి మిశ్రమం మచ్చల మీద పనిచేస్తుందని చూపించారు. వాళ్ళు వాడిన స్టెరాయిడ్ వేరు, లెక్క మాత్రం ఇదే. కాబట్టి మందు చెడ్డదని నేననడం లేదు. చర్మం డాక్టరు చూసి, మచ్చ మీద మాత్రమే, కొన్ని వారాలు మాత్రమే రాయమంటే అది మంచి మందే.

గొడవంతా ఆ "మాత్రమే" దగ్గరే. ఈ ట్యూబు పది పదిహేను రోజుల్లో మొహాన్ని తేటగా చేసేస్తుంది. ఇంకేం, మచ్చ మీద రాయాల్సింది మొహమంతా, వారాలు వాడాల్సింది ఏళ్ళ తరబడి! మా పెద్దమ్మ కూతురు పెళ్ళిచూపుల ముందు మొదలుపెట్టింది. ఎవరో పక్కింటావిడ చెబితే షాపువాడు ఇచ్చాడు, చీటీ అడగలేదు. ఏడాదిన్నర తర్వాత ఆపుదామంటే ఆపలేని పరిస్థితి. రాయడం మానిన నాలుగో రోజుకే మొహం ఎర్రబడి, మండి, మొటిమలు. మళ్ళీ రాస్తే తగ్గేది. చర్మం పల్చబడి బుగ్గల మీద సన్నటి రక్తనాళాలు కనబడుతున్నాయి, గడ్డం దగ్గర వెంట్రుకలు కూడా. ఇలాంటి కేసులు ఎంత ఎక్కువంటే మన దేశంలో చర్మవైద్యులు దీనికి ప్రత్యేకంగా పేరు పెట్టి, దీని మీద ప్రచారం కూడా నడుపుతున్నారు.

మరి రూల్స్ లేవా అంటే ఉన్నాయి. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మీ వీధి చివరి షాపులో అడిగి చూడండి, ఆ రూలు ఎంతవరకూ వచ్చిందో తెలుస్తుంది. డాక్యుమెంటులో ఉంది, ప్రొడక్షన్‌లోకి రాలేదు.

అయితే తప్పంతా షాపువాడి మీద తోసెయ్యడం నాకిష్టం లేదు. అసలు తేడా మన బుర్రలోనే ఉంది. మంగు ఒక సమస్య. ఎండ వల్ల, హార్మోన్ల వల్ల, కాన్పుల సమయంలో, కొందరికి వంశపారంపర్యంగా బుగ్గల మీదా నుదుటి మీదా వచ్చే మచ్చలు. దానికి వైద్యం ఉంది. ఛాయ సమస్య కాదు, పుట్టుకతో వచ్చిన రంగు. దానికి వైద్యం లేదు, అవసరమూ లేదు. ఈ రెంటినీ కలిపేసి "నలుపు తగ్గాలి" అని అడిగినన్నాళ్ళూ, చామనఛాయ పిల్ల చేతిలో కూడా మంగు మందు పడుతూనే ఉంటుంది. క్లిగ్‌మన్ మిశ్రమం వచ్చిన 1975లోనే మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ కూడా వచ్చింది. 2020లో దాని పేరులో ఫెయిర్ తీసేసి గ్లో పెట్టారు. వేరియబుల్ పేరు మార్చినంత మాత్రాన లాజిక్ మారుతుందా చెప్పండి?

సరే, మంగు నిజంగా ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలి? అన్నిటికన్నా ముందు ఎండ. సన్‌స్క్రీన్ లేకుండా ఏ క్రీమ్ రాసినా చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే. కొందరు బఠాణీ గింజంత రాసి "పనిచెయ్యట్లేదు" అంటారు. డబ్బా మీద ఉన్న ఎస్‌పీఎఫ్ అంకె చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు రాసి కొలిచింది. మొహానికీ మెడకీ కలిపి రెండు వేళ్ళ పొడవునా పిండితే దాదాపు ఆ లెక్కకి వస్తుంది. "నేను ఏసీలో కూర్చునేవాణ్ణి, నాకెందుకు" అనే మనవాళ్ళకి ఒక మాట: మామూలు కిటికీ అద్దంలోంచి యూవీఏ కిరణాలు చాలావరకు లోపలికి వస్తాయి, క్యాబ్ పక్క అద్దమూ అంతే. పైగా మనలాంటి గోధుమ, నలుపు రంగు చర్మాల్లో కంటికి కనబడే వెలుగు కూడా మచ్చల్ని పెంచుతుంది. దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్ కలిసిన, కాస్త రంగుండే సన్‌స్క్రీనే. గొడుగు పట్టుకోవడం నామోషీ అనుకోకండి, అది కూడా మందే.

ఇంకో రెండు ముక్కలు. నిమ్మరసం మొహానికి రాసి ఎండలోకి వెళ్తే మచ్చలు తగ్గకపోగా కొత్తవి వస్తాయి. మెడ వెనక మందంగా, నల్లగా వస్తే పీచుతో తోమకండి, అది మట్టి కాదు. చాలాసార్లు ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యట్లేదనడానికి గుర్తు. రోజుకి పది గంటలు కుర్చీలో కూర్చునే మనలాంటివాళ్ళు క్రీమ్ కొనేముందు షుగర్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

మంగు మొండిది. తగ్గుతుంది, ఎండ తగిలితే మళ్ళీ వస్తుంది. ఒక్కసారి ప్యాచ్ వేసి మర్చిపోయే బగ్గు కాదు, ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండాల్సిన సర్వర్ లాంటిది. నెలలు పడుతుందని చెప్పే డాక్టరు నిజం చెబుతున్నట్టు. పదిరోజుల్లో తెల్లబడతావన్నవాడి ట్యూబుని వెనక్కి తిప్పి చూడండి.

ఈ రాత్రికి ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో అద్దం దగ్గరున్న ట్యూబులన్నీ తిప్పి చదవండి. మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటసాల్, ఈ పేర్లలో ఏదున్నా అది అందం క్రీమ్ కాదు, స్టెరాయిడ్. చాన్నాళ్ళుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపెయ్యకుండా చర్మం డాక్టరుకి చూపించండి. ఇంట్లో గర్భంతో ఉన్నవాళ్ళుంటే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ ఉన్నవి అసలు ముట్టుకోనివ్వకండి. లైసెన్స్ అగ్రిమెంట్ చదవకుండా "ఐ అగ్రీ" నొక్కేస్తే పెద్దగా పోయేదేం లేదు. ఇది మాత్రం మొహం.