లోపలి త్రోవ చూపిన పటము



మైపాడు తీరమున మా సంఘములో వలలు అల్లే పెద్దాయన ఒకరున్నారు. కడుపులో మంట అని నెల్లూరులో స్కానింగు తీయించగా, అనుకోకుండా కుడి మూత్రపిండములో నిమ్మకాయంత గడ్డ బయటపడినది. “అయ్యగారూ, గడ్డకు కత్తి తగిలితే ఒళ్ళంతా పాకుద్దంట. ప్రార్థన చేయండి, చాలు” అని ఆయన భార్య ఏడ్చినది. ప్రార్థించాము. పిమ్మట గూడూరు మీదుగా కాట్పాడి వెళ్ళే రైలెక్కి, వారిని వేలూరు తీసికొని వెళ్ళాము. 1900లో ఐడా స్కడ్డరమ్మ ఒక్క మంచముతో ఆరంభించిన వైద్యశాల అది.

అక్కడ చేతి నరములో రక్తనాళములు స్పష్టముగా కనబడే మందు ఎక్కించి సీ.టీ. స్కాను తీశారు. (ఈ మందు ఎక్కించక ముందే షుగరు మాత్రలు వాడుచున్నామని గాని, ఫలాని మందు పడదని గాని దాచక చెప్పవలెను.) వంజరము చేపను ముక్కలుగా కోసి, ఆ ముక్కలను మరల వరుసగా పేర్చితే చేప ఆకారము వస్తుంది గదా. ఈ యంత్రము దేహమును కోయకుండనే ఎక్స్‌రేలతో పలుచని అడ్డు చిత్రములు వందలకొలది తీస్తుంది. కంప్యూటరు వాటిని పేర్చి నిండు రూపము చేస్తుంది. దీనిని కనుగొన్న హౌన్స్‌ఫీల్డ్ ఇంగ్లాండులో ఒక రైతు కుమారుడు. 1971లో లండనులో మొట్టమొదట ఒక స్త్రీ తలలోని గడ్డను దీనితో చూచారు. 1979లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చినది.

డాక్టరుగారు తెరమీద ఆ మూత్రపిండమును ఇటు అటు త్రిప్పి చూపారు. మంచిరక్తపు నాళములు ఎర్రగా, గడ్డ పసుపుగా ఉన్నవి. సాధారణముగా మూత్రపిండమునకు ఇట్టి నాళము ఒక్కటే, పెద్దాయనకు రెండున్నవి. అది తెలియక చేయి పెడితే నెత్తురు ఆగదు.

“అమ్మా, గడ్డను చీల్చము. చుట్టూ కొంచెము మంచి కండతో సహా తీసి, లోపలనే సంచిలో పెట్టి, ఆ సంచినే బయటకు లాగుతాము” అని ఆయన అక్కతో చెప్పారు. అప్పుడు ఆమె ఒప్పుకున్నది. ఆ మాట మేము మైపాడులో ఎంత చెప్పినా తెలియజేయలేకపోయాము.

సెంటీమీటరంత రంధ్రములు నాలుగు చేసి, ఒకదానిలో కెమెరా పెట్టి, నాళములు రెండిటిని కొద్ది నిమిషములు బిగించి గడ్డ తీశారు. మూత్రపిండము దక్కినది. అందరికీ ఇట్లు కుదరదు. గడ్డ మరీ పెద్దదైనా, పెద్ద నాళములోనికి ప్రాకినా పెద్ద కోతయే క్షేమము కావచ్చును. ఆ సంగతియు పటమే చెప్పుతుంది. చిన్న కోతే కావలెనని డాక్టర్లతో వాదించేవారిని మేము చూచాము, అది తగదు.

పరీక్షలో గడ్డ క్యాన్సరే అని తేలినది, గాని అంచులు శుభ్రముగా ఉన్నవి. 139వ కీర్తన చదివినప్పుడెల్ల ఆ తెర మాకు గుర్తుకు వచ్చుచున్నది.

తిరిగి పరీక్షలకు వెళ్ళునప్పుడు పాత ఫిల్ములు, సీడీ తప్పక కావలెను. అక్క వాటిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, తుఫాను హెచ్చరిక వస్తే చేతపట్టుకొని పోవుటకు బైబిలు, రేషను కార్డులతో బాటు ఉంచినది.